ఆమెన్ తర్వాత

మొన్న ఆదివారం గోపన్‌పల్లిలోని మా ఫ్లాట్‌లో ప్రార్థనకు కూడుకున్నప్పుడు, పై అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు వెక్కివెక్కి ఏడ్చాడు. ఎంత కన్నీటి ప్రార్థనో, ఈ వయసులో ఎంత భక్తో అని పెద్దలంతా మురిసిపోయారు. ఒకప్పుడు మా అన్నయ్య గురించీ అచ్చం ఇవే మాటలు విన్నాను.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చి కొండాపూర్‌లో అద్దెకు దిగిన రోజులవి. మీకూ గుర్తుండే ఉంటుంది, అప్పుడిక్కడ అద్దాల మేడలకంటే బండరాళ్లే ఎక్కువ. అమ్మ నర్సు, నాన్న బడిపంతులు, అన్నయ్యకు హైటెక్ సిటీలో కొత్త ఉద్యోగం. నా మోకాలికి దెబ్బ తగిలితే తన కళ్లు చెమర్చేంత మెత్తటి మనసు అన్నయ్యది. మగపిల్లాడివి, ఆ ఏడుపేంట్రా అని నాన్న కసురుకునేవారు. ఆఫీసులో పైఅధికారి నలుగురి ముందూ మాటలంటే నోరెత్తకుండా పడి, ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడు.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మాత్రం మోకరించి, చాప తడిసేలా ఏడ్చేవాడు. అంతగా కసిరే నాన్నే ఆ ఏడుపును ఇతరుల రక్షణ కోసం దేవుడు పెట్టిన ఆత్మభారం అనుకుని పొంగిపోయి, సంఘంలో అందరికీ చెప్పి, ఉపవాస కూడికల్లో అన్నయ్యచేత ప్రార్థన చేయించేవారు. గోడ అవతల ఉండే ఇంటావిడ మాత్రం ఒకరోజు ఉండబట్టలేక, "మీ పిలగాడు జర పరేషాన్‌ల ఉన్నట్టున్నడమ్మా, ఏందో అడుగుండ్రి" అంది. అమ్మ నవ్వేసి, అది ప్రార్థనండీ అని సర్దిచెప్పింది.

ఒక సాయంత్రం ఆమెన్ అన్నాక కూడా అన్నయ్య ఏడుపు ఆగలేదు. నాన్న భుజం తట్టి, "ఆమెన్ అనేశాం కదరా, ఇక లే" అన్నారు. లేచాడు, ముఖం కడుక్కున్నాడు. ఆ తర్వాత అన్నయ్య ఏడవగా నేను చూడలేదు. ఉద్యోగం మానేశాడు, పెళ్లి వద్దన్నాడు, మాటలూ తగ్గిపోయాయి. నాన్నను సమాధి చేసిన రోజున కూడా కన్ను తడవకపోతే, ఎంత గుండె నిబ్బరమో అని మళ్లీ మెచ్చుకున్నారు జనం. ఆ రోజు తిరిగొస్తూ కారులో అడిగాను, అప్పట్లో అంతగా ఏం ప్రార్థించేవాడివని. "ప్రార్థన కాదమ్మా అది. మనింట్లో నేను ఏడవడానికి అదొక్కటే చోటు" అన్నాడు. నేను దారంతా ఏడ్చాను, అన్నయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు ఆఫీసుల్లో మనసు బాగోలేకపోతే చెప్పుకోమని బోర్డులు పెడుతున్నారట, వినడానికి మనుషులూ ఉన్నారట, మా అమ్మాయి చెబుతుంది. సంతోషమే. అవేవో మా కొండాపూర్ రోజుల్లోనే ఉంటే ఆ మెత్తటి మనసు అన్నయ్య నాకు అలాగే మిగిలేవాడేమో అనిపిస్తుంది.

మొన్న అందరూ లేచి టీ కప్పులు అందుకుంటుంటే, ఇప్పుడు మా దగ్గరే ఉంటున్న అన్నయ్య మూలనున్న కుర్చీలోంచి లేచి వెళ్లి, ఆ కుర్రాడి పక్కన చాప మీద కూర్చున్నాడు. "ఆమెన్ అయితే అయింది, నువ్వు కానివ్వు తమ్ముడూ" అన్నాడు. ఆ అబ్బాయి అన్నయ్య భుజం మీద తల పెట్టుకుని భోరుమన్నాడు. వాడి వీపు నిమురుతున్న అన్నయ్య కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.