ఆంటీ గ్రైండరు నిర్దోషి

ఆ రోజుల్లో నాకు తెలియనివి ఎన్ని ఉన్నాయో కూడా నాకు తెలియదు. అందుకే అన్నీ తెలిసినవాడిలా హాయిగా తిరిగేవాణ్ణి. సిడ్నీ గిరావీన్‌లో ఒక తెలుగు ఆంటీ ఇంటి పెరట్లో చిన్న ఫ్లాట్ ఉండేది. అందులో నేనూ, మేమంతా గుంటూరు అని పిలిచే మిత్రుడూ అద్దెకుండేవాళ్లం. శనివారం మధ్యాహ్నం ఆంటీ ఇంట్లో బట్టలుతికే లాండ్రీ గదిలోంచి గ్రైండరు గరగర వినిపించిందంటే, ఆదివారం పొద్దున మాకు దోసెలు ఖాయం. (మిగతా రోజుల్లో మేం వండుకున్నదాని గురించి రాయకపోవడమే మర్యాద.)

అంకుల్ పోయి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ఆయన తీసిన వీడియో టేపులు బీరువా నిండా ఉండేవి. ఒకరోజు ఆంటీ నన్ను పిలిచి, "నాన్నా, నువ్వు కంప్యూటర్స్‌లోనే కదా వర్క్ చేసేది? పాప ఫస్ట్ బర్త్‌డేకి ఇవన్నీ కలిపి ఒక్క వీడియో చేసిస్తావా? దానికి తాతయ్య వాయిస్ తెలీదు. కంప్యూటర్ కొనాలంటే టీవీ పక్కన పట్టేంత చిన్న డబ్బా అయితే చాలు, పెద్దవంటే నాకు భయం," అంది. పాప అంటే ఆంటీ కూతురి కూతురు. నేను ఆఫీసులో చేసేది వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. అయినా, "కంప్యూటర్ మొత్తం నేనే అసెంబుల్ చేస్తా ఆంటీ, ఈజీ," అనేశాను.

సాసరంత మదర్‌బోర్డు ఒకటి కొన్నాను. దాని సాకెట్‌లో పట్టేవాటిలో అన్నిటికన్నా పెద్ద ప్రాసెసర్ కొన్నాను. అది చక్కగా కూర్చుంది. కూర్చుందంటే సరిపోయినట్టేనని నా లెక్క. గుంటూరు వెనకనుంచి తొంగి చూసి, "మామా, ఈ బోర్డు ఎన్ని వాట్ల ప్రాసెసర్‌ని మోస్తుందో చూశావా?" అన్నాడు.

"పవర్ సప్లై ఆరొందల వాట్లురా. ఇంకేం కావాలి?"

"సప్లైలో ఉంటే ఏం లాభం? మధ్యలో అందించాల్సింది బోర్డే కదా."

"నువ్వు చట్నీ సంగతి చూసుకో."

ఒక శనివారం మధ్యాహ్నం, బయట ఎండ మండిపోతుండగా, టేపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, అతికించి వీడియో తయారుచేయమని మీట నొక్కాను. కాసేపు నడిచి కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే లాండ్రీలో గ్రైండరు మొదలైంది. "సేమ్ లైన్ కదా ఆంటీ, గ్రైండర్ కరెంటంతా లాగేస్తోంది," అన్నాను. ఆ పూట నిజంగా నమ్మే అన్నాను. "అయ్యో, అయితే ఆపేస్తాలే నాన్నా. పాప వీడియోకన్నానా?" అంది ఆంటీ. మర్నాడు గ్రైండరు చప్పుడు లేదు. కంప్యూటర్ మళ్లీ ఆరిపోయింది. ఆ సంగతి నేను ఆంటీకి చెప్పలేదు.

దోసెలు పోయాయి. గుంటూరు ఆదివారం పొద్దున్నే బ్రెడ్డు ముక్క పట్టుకుని నా మొహం ముందు ఆడించి, "తిను ఇంజినీర్ గారూ, నీ ఇన్వెన్షన్," అనేవాడు. ఇలా కొన్ని వారాలు గడిచాక, పెట్టె మూత తీసి లోపల వేలు పెట్టాను. ప్రాసెసర్ మీది ఫ్యాను బాగానే తిరుగుతోంది. దాని పక్కన, ప్రాసెసర్‌కి కరెంటు అందించే చిన్న భాగాలు మాత్రం పెనంలా కాలుతున్నాయి. (వేలు బొబ్బెక్కింది. సాక్ష్యం అంతకంటే ఏం కావాలి?) ఆ బోర్డు అంత ప్రాసెసర్ కోసం చేసింది కాదు. గుట్టుచప్పుడు కాకుండా తక్కువ వాట్ల ప్రాసెసర్ తెచ్చి మార్చాను. వీడియో ఒక్క ఊపులో పూర్తయింది. "చూశావా, గ్రైండర్ ఆపాకే వర్కయింది!" అని ఆంటీ మురిసిపోయింది. "అవునాంటీ," అన్నాను.

ఆ తర్వాత, ఇళ్ల ముందు పడేసిన పాత సామాన్లు కౌన్సిల్ లారీ పట్టుకుపోయే రోజు వచ్చింది. పొద్దున ట్రెయిన్‌కి పరుగెడుతుంటే ఇంటి ముందు గడ్డి మీద, చిరిగిన పరుపు పక్కన, గ్రైండరు కనిపించింది. దాన్ని లోపలికి మోసుకురావడానికి నా ఒంట్లో బలముంది. ఎందుకు తెచ్చావని అడిగితే చెప్పే ధైర్యం లేదు. సాయంత్రానికి అది లేదు.

బర్త్‌డే రోజు వీడియో వేశాం. టేపులు అతికించానే గాని నేను పూర్తిగా చూడలేదు. తెర మీద అంకుల్ ఒక సూట్‌కేస్ తెరిచి, తువ్వాళ్ల మధ్యనుంచి అదే గ్రైండరు బయటికి తీశారు. "ఎయిర్‌పోర్టులో బాంబనుకున్నారోయ్!" అని నవ్వి స్విచ్ వేశారు. గరగర హాలంతా నిండింది. అందరూ పడీపడీ నవ్వారు. ఆంటీ కూడా నవ్వింది, పాప వేళ్లు పట్టుకుని, తెర మీదనుంచి చూపు తిప్పకుండా. నేను కేకు ముక్కలు పంచుతున్నట్టు నటించాను.

ఆ కథని ఇన్నేళ్లూ ప్రతి బార్బెక్యూలోనూ నేనే చెప్పి నవ్వించాను. కథలో దోషి ఎప్పుడూ గ్రైండరే. మొన్న పాప (ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది) "అమ్మమ్మ గ్రైండర్ కిల్డ్ యువర్ కంప్యూటర్, రైట్ అంకుల్?" అంది. పక్కనే కుర్చీలో ఉన్న ఆంటీ, "పోన్లేవే, పాతదయిపోయింది," అని నాకు వత్తాసు పలికింది.

ఆ వారమే ఒక గ్రైండరు కొన్నాను. రేపు పిండీ, నిజమూ రెండూ పట్టుకుని, ద పాండ్స్ అనే పేటలో కూతురి దగ్గర ఉంటున్న ఆంటీ ఇంటికి వెళ్తున్నాను. ఇల్లు మారినప్పుడు ఆంటీ ఆ చిన్న డబ్బాని నాకే ఇచ్చేసింది. ఇవాళ గరాజ్‌లో దాన్నీ, గ్రైండరునీ ఒకే ప్లగ్గుకి తగిలించి, అదే వీడియోని మళ్లీ తయారుచేయమన్నాను. మినప్పప్పు వేసి స్విచ్ నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. గ్రైండరు గరగరమంటోంది, కంప్యూటర్ నిక్షేపంగా నడుస్తోంది. ఒక్కసారి, ఒక్కసారి ఆరిపోతే బాగుండునని చాలాసేపు చూశాను.