మెయిల్ ఎవరు చూస్తారని అడిగిన ధనలక్ష్మి

2001 వేసవిలో నన్ను వేలూరు టెలిఫోన్ భవనంలో కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ విభాగానికి సబ్ డివిజనల్ ఇంజినీరుగా వేశారు. మా శాఖలో ఆ హోదా జూనియర్ టెలికాం ఆఫీసరుకు పైన, డివిజనల్ ఇంజినీరుకు కింద. డయలప్ కనెక్షన్లన్నీ నా బాధ్యత. చందాదారు మోడెం నుంచి మా నంబరుకు ఫోన్ చేస్తే, కాసేపు కీచుమని చప్పుడయి లైను కలిసేది. ఏ ఫోన్ నుంచి, ఏ ఖాతాతో, ఎప్పుడు కలిశారో మా సర్వర్‌లో నమోదయ్యేది. లోపల ఏం చదివారో, ఏం రాశారో మేము ఉంచుకునేవాళ్లం కాదు. ఈ తేడా చాలామందికి తెలియదు.

ఒక మధ్యాహ్నం గుడియాత్తం నుంచి ధనలక్ష్మి అనే ఆమె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. లుంగీలు నేసే కుటుంబం, తండ్రితో పాటు తనూ మగ్గం మీద కూర్చుంటుంది. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, తమిళం వదిలేసి తెలుగులోకి వచ్చింది.

"మేడమ్, బ్రౌజింగ్ సెంటర్లో కూర్చోని నేను మెయిల్ పంపితే, అది యాడ ఉంటాది? ఎవురెవురు చూస్తారు?"

ఎవరికి పంపాలని అడిగాను. కాస్త తటపటాయించి చెప్పింది. నేత కూలీల కోసం పనిచేసే ఒక తీవ్ర వామపక్ష సంఘం. నిషేధం లేదు గానీ, దాని పేరు చెబితేనే మగ్గాల యజమానులు మండిపడేవారు. అందులో చేరాలంటే పేరు, ఊరు మెయిల్‌లో పంపమన్నారట. గుడియాత్తంలో ఆమెకు తెలిసిన బ్రౌజింగ్ సెంటర్ ఒక్కటే. అది వాళ్ల నాన్నకు నూలు ఇచ్చి నేయించుకునే యజమాని, వాళ్ల మాటలో మొదలాళి, ఆయన బావమరిదిది.

ప్రభుత్వోద్యోగిని కాబట్టి చేరమని గానీ, వద్దని గానీ నేను చెప్పకూడదు. మెయిల్ ఎలా పోతుందో చెప్పడానికి మాత్రం ఏ నిబంధనా అడ్డురాదు. ఆ సెంటర్ కంప్యూటర్‌లో చూసిన పేజీల జాడ మిగులుతుందని, తర్వాత కూర్చున్నవాళ్లు తెరిచి చూడగలరని చెప్పాను. పని అయ్యాక ఖాతాలోంచి ఎలా బయటికి రావాలో, జాడ ఎలా చెరపాలో మా కంప్యూటర్ మీదే చూపించాను. చివరగా ఒక మాట అన్నాను.

"ఇదంతా మెయిల్ పోయేదాకా తీసుకునే జాగ్రత్తమ్మా. మెయిల్ అందుకున్నోళ్లు నీ పేరు ఏం చేస్తారో నాకు తెలీదు. అది వాళ్లనే అడగాల."

"అది నాకు తోచనే లేదు మేడమ్," అని లేచి వెళ్లిపోయింది.

కొన్ని వారాల తర్వాత మామూలు బట్టల్లో ఒక పోలీసు అధికారి వచ్చాడు. గుడియాత్తం సెంటర్ నుంచి ఆ సంఘంతో ఎవరు మాట్లాడుతున్నారో చెప్పమన్నాడు. ఎవరు కూర్చున్నారో మా సర్వర్‌కు తెలియదు, సెంటర్ ఖాతా ఎప్పుడు కలిసిందో మాత్రం తెలుస్తుంది. అదైనా సరే, తగిన హోదా ఉన్న అధికారి సంతకంతో కాగితం వస్తేనే ఇస్తానన్నాను. ఆయన మా డివిజనల్ ఇంజినీరు గదిలోకి వెళ్లాడు. డివిజనల్ ఇంజినీరు నన్ను పిలిచి, "ఇచ్చేయమ్మా, ఎందుకొచ్చిన గొడవ," అన్నారు. మీరు రాతపూర్వకంగా ఆదేశిస్తే ఇస్తాను సార్ అన్నాను. ఆయన పెన్ను ముట్టుకోలేదు. బదిలీ తప్పదని మా సెక్షన్ అంతా అనుకుంది. బదిలీ రాలేదు, కాగితమూ రాలేదు.

ఈ సంగతి ధనలక్ష్మికి చెప్పాలా అని చాలా ఆలోచించాను. ఆఫీసు విషయం బయటపెట్టడం కూడా తప్పే. చెప్పలేదు.

ఆ తర్వాత తనే వచ్చింది. సంఘంవాళ్లను అడిగేసిందట. బలం చూపించడానికి సభ్యుల పేర్లు, ఊర్లు తమ వెబ్‌సైటులో పెడతామన్నారు. తన వీధిలో సానుభూతి ఉన్నవాళ్లందరి పేర్లూ పంపమన్నారు.

"పంపినావా?"

"నా పేరు పంపినాను, పెట్టుకోమన్నాను. మిగతావి ఇయ్యలేదక్కా. మా వీధిలో నూలు నిలిచిపోతే పొయ్యి వెలగదు. వాళ్ల పేర్లు ఇచ్చేదానికి నేనెవురు? కావాలంటే వాళ్లే వచ్చి చెప్పుకోనీ అన్నాను. కోపం చేసుకున్నారు, మళ్లీ సరేనన్నారు."

"మీ నాన్నకు తెలుసా?"

"నాయనకు ముందే చెప్పినాను. మొదలాళికీ నేనే పోయి చెప్పినాను. సెంటర్లో ఎవురో చూసి చెప్పేదానికంటే నా నోటితో వింటే మేలు గదా."

మొదలాళి మరుసటి వారమే నూలు ఆపేశాడు. తండ్రి నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు, తర్వాత చేనేత సహకార సంఘంలో పని అడిగి తెచ్చుకున్నాడు. ఆ వీధిలో ఇంకెవరి మగ్గమూ ఆగలేదు. అడగకుండానే పేర్లు వెబ్‌సైటులోకి ఎక్కిన పక్క ఊరివాళ్లు మాత్రం పని పోయి, వేలూరులో కట్టడం కూలికి వచ్చారు. ధనలక్ష్మి వాళ్ల తరఫున సంఘం సమావేశంలో గట్టిగా పోట్లాడి, ఆ పేజీ తీసేయించింది. సంఘంలోనే కొనసాగింది. కొన్నాళ్లకు ఆ ప్రాంతానికి కార్యదర్శి కూడా అయింది.

ఆ విభాగంలో ఉన్నంతకాలం నా కింద చేరిన ప్రతి జూనియర్ ఆఫీసరుకూ రెండు సంగతులు చెప్పేదాన్ని. చందాదారు వివరాలు ఎవరడిగినా కాగితం తెమ్మనండి, వచ్చాక అందులో అడిగినంతే ఇవ్వండి. చందాదారు వచ్చి తన గుట్టు ఎంతవరకు నిలుస్తుందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి, భయపెట్టకండి, భరోసా ఇవ్వకండి. ఎంత బయటపెట్టుకోవాలన్నది వాళ్లు తేల్చుకుంటారు.