నీడకొచ్చిన పాము

బస్సు కదిలేసరికి ఆయన ఇంకా ఇసుకలోనే నడుస్తున్నాడు. చేతిలో మూత బిగించిన నీళ్ల డబ్బా, అందులో పాము.

సౌదీలో బురైదా నుంచి రియాద్ వెళ్తూ దారిలో టీకి ఆగాం. కళ్లమీద చిన్న కొమ్ములున్న ఇసుక పాము ఒకటి మా బెంచీ కింద చుట్టుకుని కనిపించింది. టీకొట్టు పాకిస్తానీ రాయి ఎత్తాడు.

"మత్ మారో భాయ్" అంటూ నా పక్కనున్న జగిత్యాల మనిషి లేచాడు. పదేళ్లు ఖర్జూర తోటలో చేసి, ఇక తిరిగి రాకుండా ఎగ్జిట్ వీసా మీద ఇంటికి వెళ్తున్నాడు. సాయంత్రమే ఫ్లైటు. ఖాళీ డబ్బాను నేలకు ఆనించి, చీపురు కర్రతో పామును మెల్లగా లోపలికి నెట్టాడు. తోటలో ఎన్నింటిని పట్టాడో ఆయనకే లెక్క లేదట.

"ఇక్కడే వదిలేయొచ్చుగా?" అన్నాను.

"ఈడ ఇడిస్తె మల్ల బెంచీ కిందికే అస్తది, సంపుతరు. ఎండకు తాళలేక నీడకచ్చింది సార్. మనం గందుకే గదా కూసున్నం? ఆ దిబ్బ దాటిచ్చి అస్త, నా సంచి జెర సూడుండ్రి."

ఐదు నిమిషాలన్న డ్రైవరు పదిహేను నిమిషాలు ఆగాడు. ఆ తర్వాత నేను రెండుసార్లు అరిచినా ఆపలేదు. నేనైనా దిగిపోగలిగేవాణ్ణే. ఎండగా ఉంది, అలసిపోయి ఉన్నాను, దిగలేదు.

పాస్‌పోర్టు మాత్రం ఆయన చొక్కా జేబులోనే ఉంది. వెళ్లే ముందు తడుముకోవడం చూశాను. సంచిని రియాద్ బస్టాండు ఆఫీసులో అప్పగించాను. వారం తర్వాత వెళ్లి అడిగితే ఎవరూ రాలేదన్నారు, సంచి ఇంకా అక్కడే ఉంది.