ఇప్పపువ్వు వేసిన తొక్కల నీళ్లు

"ఏందే, పొద్దుగాలనే మూత తీసినవ్? వాసన గుప్పుమంటాంది. నాకింత పొయ్యరాదూ?"

"పోస్తా రా. కడుపు నిండా తాగి పో."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. ఆయన నవ్వాడు. పార భుజాన వేసుకుని చేను దారి పట్టాడు. నేను డ్రమ్ము మూత బిగించి, చేతులు కడుక్కుని పొయ్యి దగ్గరికి పోయాను. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆయన్ని పత్తి చేను గట్టు మీద నుంచి మంచంలో మోసుకొచ్చారు. దవాఖానాకు తీసుకుపోతే గుండె ఆగిందన్నాడు డాక్టరు.

నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం తప్ప చదువు రాదు. అందుకే మా ఆడబిడ్డ కూతుర్ని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. డిగ్రీ చదువుతోంది. "నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తే చదివేటోళ్లకు కష్టమైతది అత్తా" అంది. సరే, పుస్తకాల్లో ఎట్లా ఉంటుందో అట్లా సర్ది రాసుకో, మనుషులు మాట్లాడుకున్న మాటల్ని మాత్రం ముట్టుకోవద్దు అన్నాను. ఆ మాటల మీదే కదా ఇంత రచ్చ అయింది.

ముందే చెప్పేస్తున్నాను. ఆ డ్రమ్ములో ఉన్నది సారా కాదు. బండలు తుడిచే నీళ్లు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇల్లు శుభ్రం చేసుకోవడానికి కొట్టుకు పోయింది లేదు. అంట్లకు పొయ్యిలో బూడిద, తోమడానికి ఎండిన బీరపీచు. ఇత్తడి బిందెకు చింతపండు పిప్పి. బట్టలకూ తలకూ కుంకుడుకాయ. అడవిలో రాలిన కాయల్ని ఏరుకొచ్చి, గింజ తీసి, ఎండబెట్టి కుండలో పోసుకునేవాళ్లం. నేల మట్టిదే కాబట్టి పేడతో అలికితే సరిపోయేది. తర్వాత బండల ఇల్లు కట్టుకున్నాం. బండలను పేడతో అలకలేం కదా. ఫినాయిలు సీసా తెచ్చాను. అది పోసి తుడిచిన రోజల్లా మా ఆయనకు దగ్గు, నా వేళ్ల సందుల్లో తోలు లేచేది. "ఇంటికి పోతే దవాఖానాకు పోయినట్టే ఉంటాంది" అని ఆయన వాకిట్లోనే మంచం వాల్చుకునేవాడు.

ఆ మధ్య మా సంఘం మీటింగుకు ఒక మేడమ్ వచ్చి పండ్ల తొక్కలతో నీళ్లు చేసుకోవడం నేర్పింది. ఒక పాలు బెల్లం, మూడు పాళ్లు తొక్కలు, పది పాళ్లు నీళ్లు. మూత ఉన్న డ్రమ్ములో పోసి పెట్టాలి. మొదట్లో రోజూ మూత తీసి గాలి వదలాలి, లేకపోతే డ్రమ్ము ఉబ్బి పగులుతుంది. మూడు నెలలకు వడగట్టి, బకెట్ నీళ్లలో కాస్త కలుపుకుని తుడుచుకోవడమే. అందరూ తలలూపారు. ఇంటికొచ్చి చేసింది నేనొక్కదాన్నే.

తొక్కలు తెచ్చింది మా ఆయన. కల్లూరు బస్టాండు దగ్గర బత్తాయి రసం తీసే బండివాడిని అడిగి సంచి నిండా నింపుకొచ్చాడు. బస్సులో కండక్టరు, "ఏంది పెద్దాయనా, పండ్లు ఆళ్లు తిని తొక్కలు నీకిచ్చిండ్రా?" అన్నాడట. "మా ఇంటామె బండలకు తినిపిస్తదంట" అన్నాడట ఈయన. ఆ ముక్క చెప్పుకుని ఊరంతా నవ్వుకున్నాడు.

బెల్లం దగ్గరే చిక్కు వచ్చింది. మా అడవి పల్లెల్లో కిలోల లెక్కన బెల్లం అడిగితే కొట్టువాడు ముందు మన మొహం చూస్తాడు, తర్వాత రోడ్డు వైపు చూస్తాడు. సారా కాయడానికేమోనని అనుమానం, దేనికని అడుగుతాడు. ఆ బాధ ఎందుకని ఇంట్లో ఉన్నదే వాడాను. ఎండాకాలం ఏరి ఎండబెట్టిన ఇప్పపువ్వు అటక మీద కుండలో ఉంది. తీపి కావాలన్నారు, అదీ తీపే కదా. బెల్లం బదులు పువ్వు పోసేశాను. బెల్లం నీళ్లు పులిస్తే ఏం వాసన వస్తుందో నాకు తెలియదు. ఇప్పపువ్వు పులిస్తే వచ్చే సారా వాసన మాత్రం మా ఊళ్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అది చేతులు కడుక్కుని వచ్చాక గాని నాకు తట్టలేదు.

మా ఆయన చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఎక్సైజోళ్లు వస్తే నన్నే జీపెక్కిస్తరే. పాత ముద్దాయిని."

పాత ముద్దాయే. ఒకప్పుడు బాగా తాగేవాడు. మక్క చేనుకు కావలి పోయి, తాగి పడుకుంటే, అడవి పందులొచ్చి పంటంతా తొక్కిపోయాయి. తెల్లారి ఆ చేను చూసి వచ్చినవాడు మళ్లీ చుక్క ముట్టలేదు. ఎవరూ ఒట్టు పెట్టించలేదు. దేవుడి కొలుపుల్లో అందరికీ తలా ఇంత పోస్తుంటే ఈయన స్టీలు గ్లాసులో చాయ్ పట్టుకుని కూర్చునేవాడు. ఎవరూ అడగకపోయినా "నేను మానేసినోణ్ణి" అని చెప్పుకునేవాడు. కొత్తగా వచ్చిన టీచరుకు చెప్పాడు, పశువుల డాక్టరుకు చెప్పాడు, ఆఖరికి కరెంటు మీటరు చూసుకుపోయే మనిషికి కూడా చెప్పాడు. వినలేక చచ్చేవాళ్లం. ఆయనకు ఆస్తి లేదు, పదవి లేదు. చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

అది కూడా లేకుండా చేయబోయారు.

మాలో మనిషి పోయాక పిట్టకు పెడతాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతాం. ఆ రోజు నేను అన్నం, కోడికూర, చాయ్ గ్లాసు పెట్టాను. మా బావ, అంటే మా ఆయనకు అన్న, నడుముకు చుట్టుకున్న తువ్వాలలోంచి సీసా తీసి ఆకు పక్కన నిలబెట్టాడు.

"అదెందుకు బావా?"

"ఎందుకేందమ్మా? ఆనికి ఇష్టం గదా. ఆత్మ అల్లాడద్దు."

"ఆయన ఇడిసిపెట్టిండు. నీకు ఎర్కలేదా?"

"ఇడిసిండు, మల్ల పట్టిండు. నీ చేత్తోనే పోసినవంట గదా."

గుంపులో ఎవరూ నా మొహం చూడలేదు. అందరికీ ముందే తెలుసన్నమాట. "ఎవరన్నరు ఆ మాట?" అన్నాను. మా యారాలు, బావ పెళ్లామే, ముందుకొచ్చింది. వాళ్లిల్లు మా దడికి అవతలే.

"ఎవరో ఎందుకు, నేనే అన్న. నా చెవులతోని ఇన్న. నాకింత పొయ్యమన్నడు, కడుపు నిండా తాగి పొమ్మన్నవ్. లేదను సూత్తా."

లేదని ఎట్లా అంటాను? అన్నాం కదా. పైగా వాసన దడి దాటి వాళ్ల వాకిట్లోకి పోతోంది. ఆ వాసనే సగం ఊరికి సాక్ష్యం చెప్పింది. నవ్వులాటకు అన్నామంటే వినేదెవరు? మనిషి పోయిన ఇంట్లో నవ్వులాట అనే మాట ఎవరి చెవికీ ఎక్కదు.

సీసా తీసి బావ చేతిలో పెట్టాను. "ఈ ఆకు నాది. నేను పెట్టిందే ఉంటది" అన్నాను. కాకి రాలేదు. ఎండ ముదిరేదాకా చూసి, ఆకును అక్కడే చెట్టు కింద వదిలి వచ్చాం. సీసా తీసేసినందుకే కాకి రాలేదని దారి పొడుగునా గొణుక్కుంటూ నడిచారు.

ఆ తర్వాత వచ్చినవాళ్లంతా ఒకటే మాట, డ్రమ్ము పారబొయ్యి. మా ఆడబిడ్డ, ఈ పిల్ల తల్లే, ఆమె కూడా అంది. "పారబోస్తే మాట కూడా పోతది వదినా." రాయి బిడ్డా, మీ అమ్మ అన్నది కూడా రాయి, ఏం కాదు.

"పారబోస్తే మాట నిలబడతది" అన్నాను నేను. "సారా గాబట్టే పారబోసింది అంటరు. దాని టయిం దానికున్నది. అయినంక అందరి ముందల తీస్తా."

భయమేమీ వేయలేదు. ఇప్పపువ్వును చిన్నప్పటి నుంచి చూస్తున్నదాన్ని. సారా కాయకుండా వదిలేస్తే అది ఎటు పోతుందో నాకు తెలుసు. రోజూ పొద్దున్నే మూత తీసేదాన్ని. బుస్సుమని గాలి లేచేది. మొదట్లో కల్లు వాసన. తర్వాత ముక్కు అదిరే సారా వాసన. అప్పుడే ఆయన పోయాడు. వానలు ముదిరేసరికి వాసన మెత్తబడింది. పైన తెల్లటి మీగడలాంటిది కట్టింది. తొక్కలు ఒక్కొక్కటే అడుక్కి దిగాయి. చేలల్లో పత్తి పూతకు వచ్చేసరికి మూత తీస్తే కళ్లు మూతపడేంత పులుపు, దాని వెనకే బత్తాయి వాసన. ఆయన పాత పంచెలో వడగట్టాను. తేనె రంగు నీళ్లు దిగాయి.

పెత్తరమాస వచ్చింది. పెద్దలను తలుచుకుని అన్నం పెట్టే అమావాస్య. ఆయన పోయిన మొదటి ఏడు కాబట్టి మా ఇంట్లోనే పెట్టుకుందామని బావ కబురు చేశాడు. సీసా తెస్తాడని నాకు తెలుసు. ఇంట్లో పెద్దకర్త చేతుల మీదుగా ఒక్కసారి ఆ సీసా ఆకులోకి పోయిందంటే, ఇక నేను బతికినన్నాళ్లూ ప్రతి పెత్తరమాసకూ పోతుంది. నా తర్వాత కూడా పోతుంది. ఆయన తాగి చచ్చినవాడిగానే ఉండిపోతాడు.

ముందు రోజు ఇల్లంతా ఆ నీళ్లతోనే కడిగాను. పొయ్యి పక్క బండ మీద ఏళ్లుగా పేరుకున్న జిడ్డు, మసి, రుద్దితే లేచిపోయాయి. ఇత్తడి బిందెకు చింతపండు అక్కర్లేకపోయింది. ఆయన్ని పడుకోబెట్టిన చోట నూనె దీపం మరక ఉండేది. దాని మీద గుడ్డ తడిపి వేసి, కాసేపు ఆగి తుడిచాను. పోయింది.

తెల్లారి యారాలు గడపలోనే ఆగి ముక్కు ఎగబీల్చింది.

"ఏమేసి కడిగినవ్ యారాలా? ఇల్లంతా బత్తాయి తోట లెక్కున్నది."

"నీ మరిది తాగిన సారా ఏసి కడిగిన."

కొంగు దోపుకుని లోపలికి వచ్చింది. బావ వచ్చాడు. తువ్వాల ఉబ్బుగానే ఉంది. చుట్టాలందరూ కూర్చున్నాక నేను ఆయన స్టీలు గ్లాసులో ఆ నీళ్లు పోసి బావ ముందు పెట్టాను.

"తాగు బావా. నీ తమ్ముడు ఏది తాగి పోయిండన్నవో అదే. కడుపు నిండా తాగు."

"వొద్దమ్మా."

"ఎందుకొద్దు? ఇప్పపువ్వుదే. దొంగసరుకు గూడ కాదు."

నలుగురిలో వెనక్కి తగ్గడం ఆయనకు నామోషీ. ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. పోసుకున్నవాడు పోసుకున్నట్టే వాకిట్లోకి ఉరికాడు. "థూ! ఏందమ్మా ఇది, పండ్లన్నీ జివ్వుమన్నయ్!" మా ఆడబిడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది. మిగతావాళ్లు అది కూడా చేయలేదు, పగలబడి నవ్వారు.

యారాలు మాత్రం నవ్వలేదు. తెలివైనది. "ఇప్పుడు పులిసింది. అప్పుడు పులవలేదు గదా. అప్పుడైతే సారా వాసనే వచ్చింది" అంది.

"అవ్, వచ్చింది" అన్నాను. "నువ్వు దడి అవతల నుంచి డ్రమ్ము వాసన చూసినవ్. నేను ఆయన నోటి వాసన చూసిన. ఆ రోజు ఆయనకు నీళ్లు పోసింది నేను. నోరు తుడిచింది నేను. తాగినప్పుడు ఆ నోరు ఎట్లుంటదో ఇన్నేండ్లు పక్కన పండుకున్న దాన్ని, నాకు తెల్వదా? చాయ్ వాసన, బీడీ వాసన. ఇంకేం లేదు. నా కన్న ఎక్కువ తెలిసినోళ్లెవరన్న ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి."

బావ వాకిట్లో నోరు పుక్కిలించి వచ్చాడు. తువ్వాలను నడుము వెనక్కి జరుపుకున్నాడు. యారాలి వైపు చూసి, "ఆనికి చాయ్ పెట్టే. చక్కెర ఎక్కువెయ్యి, ఆనికట్లనే ఇష్టం" అన్నాడు.

ఆకులో చాయ్ పెట్టాం. సీసాను ఏం చేశాడో నేను అడగలేదు. సాయంత్రం వాళ్లింట్లో నుంచి బావ పాట వినిపించింది.

కాకి వచ్చిందా అని ఈ పిల్ల అడుగుతోంది. వచ్చింది. కూర ముక్క ఎత్తుకుంది, చాయ్ గ్లాసును తన్నేసి పోయింది.

ఇప్పుడు మా సంఘంలో చాలామంది చేస్తున్నారు. కొందరు బెల్లమే వేస్తారు. నేను ఇప్పపువ్వే వేస్తాను, దడి పక్కనే పెడతాను. ఫినాయిలు సీసా ఖాళీ అయ్యాక మళ్లీ కొనలేదు. కుంకుడుకాయ ఉడకబెట్టిన నీళ్లు ఇందులో కాస్త కలిపితే అంట్లకు కూడా పనికొస్తుందని నేనే కనిపెట్టాను. యారాలు కూడా వచ్చి సీసా నింపుకుపోతుంది. పోస్తాను. కానీ బోరింగు దగ్గర నలుగురు చేరితే ఇంకా అంటూనే ఉంటుంది, "ఏమో గాని, నా చెవులతోని ఇన్న" అని.

విన్నది నిజమే. అందుకే ఆ మాటల్ని ముందే పెట్టించాను. రేపు నేనూ ఉండను, మా యారాలూ ఉండదు. దడికి ఇవతల ఏం జరిగిందో చూసినవాళ్లు ఇద్దరమే, ఒకరు పోయారు. ఆయన నవ్వాడు. పార సర్దుకుని, దడి దగ్గర మళ్లీ వెనక్కి తిరిగి నవ్వాడు.

చాలు, కలం పక్కన పెట్టు. ఇప్పుడు మొదటి నుంచి చదువు బిడ్డా. ఆయన అడిగిందీ నేను అన్నదీ గట్టిగా చదువు, దడి అవతలికి వినపడాలి. తర్వాత ఆయన నవ్వాడని ఉందే, అక్కడ కాస్త ఆగి, అది ఇంకా గట్టిగా చదువు.