కరుణమ్మ చెప్పిన ఆఖరి అధ్యాయం

దెయ్యాలున్నాయనే వాళ్ళతో నేను పట్టుబట్టి వాదించేవాణ్ణి. ఏలూరులో మిషన్ స్కూలు లెక్కల మాస్టర్ని. రుజువు లేనిదేదీ ఒప్పుకోను. ఇప్పటికీ అంతే. అయినా పంతొమ్మిది వందల ముప్పైల్లో నాకు జరిగినదాన్ని జరగలేదని మాత్రం అనలేను.

మా ఆవిడ కరుణమ్మకి చదువు రాదు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని అమ్మకానికి లేసు అల్లేది. నేను పక్కన కూర్చుని నవలలు చదివి వినిపించేవాణ్ణి. ఆ ఏడు లైబ్రరీ నుంచి తెచ్చిన నవలొకటి మా ఇద్దరికీ ఊపిరాడనివ్వలేదు. అందులో ఒక ఇల్లాలికి తన చేతిరాతతోనే ఉత్తరాలొస్తుంటాయి. తను రాసినట్టు గుర్తుండదు. పిచ్చెక్కిందేమోనని కుమిలిపోతుంది. కరుణమ్మ అల్లిక ఆపేసి, "పాపం, ఆవిడ మాట ఒక్కరూ నమ్మరేవండీ?" అని కళ్ళొత్తుకునేది.

పురిటికి కొల్లేటి ఒడ్డునున్న పుట్టింటికి వెళుతూ, పడవెక్కాక కూడా అదే గొడవ. "నేను లేకుండా ఆఖరు చదివెయ్యకండేం" అంది. సరేనని మాటిచ్చాను.

శనివారాలు బడి ఒంటిపూట. మధ్యాహ్నం పడవలో వెళ్ళి ఆమెను చూసి వచ్చేవాణ్ణి. నెలలు నిండాక వచ్చిన శనివారం, పడవకి ఇంకా గంట టైముంది కదా అని పుస్తకం తెరిచాను. ఒక్క పేజీ అనుకున్నాను. పడవ వెళ్ళిపోయింది. నిండా మునిగినవాడికి చలేమిటని దీపాలవేళ దాకా కూర్చుని పూర్తిచేశాను. ఆ ఉత్తరాలు రాసింది, చిన్నప్పుడు ఆ ఇల్లాలికి అక్షరాలు దిద్దించిన దాది; అందుకే ఇద్దరి రాతా ఒకటే. నాకు తట్టనే లేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆదివారం మొదటి పడవలో వెళ్ళాను. గుమ్మం ముందు జనం. తెల్లవారుజామున తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

మూడో రోజున మా అత్తగారు చెప్పారు. శనివారం మధ్యాహ్నం నొప్పులు మొదలైతే నాకోసం కాలవ గట్టు వెంట మనిషిని పంపబోయారట. కరుణమ్మే వద్దందట.

"'ఆయన నవల ఆఖరుకొచ్చారమ్మా, చదువుకోనీ' అందండి బాబూ. నొప్పులకి ఏదో మాట్లాడుతుందనుకున్నాం. దీపాలెట్టే వేళకి నవ్విందండి. 'అక్షరాలు దిద్దించిన దాదేనంటమ్మా ఆ ఉత్తరాలు రాసింది. ఆవిడకి పిచ్చి లేదని నే చెప్పలా?' అంది. ఎవరండీ ఆ దాది?"



ఆ ఊళ్ళో ఆ పుస్తకం లేదు. ఉన్నా చదివి చెప్పేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. కథ విని విని తనే ఊహించి ఉంటుందని సరిపెట్టుకోబోయాను. మరి నేను పడవ వదిలేసి చదువుతున్నానని ఆమెకు ఎవరు చెప్పారు? లెక్కల మాస్టర్నే కానీ ఇది నాకు తేలలేదు. ఇక తేలదు.

అది నన్ను భయపెట్టలేదు. మాట తప్పానని తెలిసి కూడా ఆమె కోప్పడలేదే, అదే నన్ను ఇన్నేళ్ళుగా తినేస్తోంది. ఒక్కసారి కోప్పడి కబురు పంపి ఉంటే, పుస్తకం అక్కడే పారేసి, ఆ గట్టు వెంట నడిచైనా వెళ్ళేవాణ్ణి. ఆఖరి ఘడియలో చెయ్యి పట్టుకుని పక్కన ఉండేవాణ్ణి.