సేఫ్టీల తరఫున నా వకాల్తా

మొన్న ఆదివారం హెండర్సన్‌లో మా అమ్మాయి ఇంట్లో భోజనాలయ్యాక, మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకు కూర్చుని ఫోన్‌లో ఎవరో స్నేహితురాలితో హోరాహోరీగా వాదిస్తుంటే, ఏమిటా అని చెవి ఒగ్గాను. అమెరికన్ ఫుట్‌బాల్ గొడవ. రగ్బీ తప్ప మరో దేవుణ్ణి ఎరగని ఈ న్యూజీలాండ్‌లో పుట్టి పెరిగిన పిల్లకు ఆ పిచ్చి ఎలా పట్టుకుందో తెలియదు కానీ, హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, అంటే ఆ ఆటలో మహామహుల వరుసలోకి, ఏ సేఫ్టీ ఆటగాణ్ణి తీసుకోవాలన్నది వాళ్ళ తగాదా. ఉన్నట్టుండి నావైపు తిరిగి, నీకు ఈ ఆట బాగా తెలుసని అమ్మ చెప్పింది, నువ్వే తీర్పు చెప్పు తాతా అని ఇంగ్లీషులో అడిగింది. నిద్రొస్తోందని అబద్ధమాడి పక్కగదిలోకి వెళ్ళిపోయాను. ఆ పిల్లకు చెప్పుకోలేనిది, నా ఈడువాళ్ళు కనుక మీకు చెప్పుకుంటున్నాను.

పాతికేళ్ళ కిందట మేం వెల్లింగ్టన్‌లో, గాలికి కిటికీలు రోజంతా టకటకలాడే ఒక కొండమీది ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. మేమూ, మా ఆవిడ అక్కగారి కుటుంబమూ, రెండు సంసారాలకు ఒకటే వంటిల్లు, ఒకటే టీవీ. నాకు ఒక ఆఫీసులో ఆరు నెలల ఐటీ కాంట్రాక్టు దొరికింది. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దవాడూ, నాకన్నా పని బాగా తెలిసినవాడూ అయిన మా తోడల్లుడికి మాత్రం, అమెరికాలో మూడేళ్ళు ప్రోగ్రాములు రాసి వచ్చినా, న్యూజీలాండ్ ఎక్స్‌పీరియన్స్ లేదన్న ఒక్క మాటతో ఎక్కడికక్కడ తలుపులు మూసుకుపోయాయి. చివరికి సిటీ బస్సు నడపడానికి చేరాడు. దాని గురించి ఆయన ఎన్నడూ ఏడవలేదు. బస్సు కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని మురిసేవాడు.

అమెరికా నుంచి ఆయన వెంట తెచ్చుకున్న ఆస్తి ఆ ఆట మీద ప్రేమ ఒక్కటే. అక్కడి ఆదివారం మ్యాచులు మనకు సోమవారం పొద్దున వస్తాయి కనుక సోమవారం సెలవు పెట్టించుకుని, ఉప్మా పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చూసేవాడు. సాయంత్రం నేను ఇంటికొచ్చాక అన్నం తింటూ ఆ కథంతా చెప్పేవాడు. నాకు ఆ ఆట తల తోకా తెలిసేది కాదు. అందులో సేఫ్టీ అనేవాడు తన జట్టుకు అందరికన్నా వెనక నిలబడి, ముందువాళ్ళను దాటి వచ్చిన ప్రమాదాన్ని ఆపే మనిషని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అవతలివాళ్ళు విసిరిన బంతులు ఎన్ని లాక్కున్నాడన్న లెక్క చూసి సేఫ్టీల గొప్పతనం తేలుస్తారనీ, అది అన్యాయమనీ ఆయన బాధ. ఆయన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "వాడు అక్కడున్నాడని భయపడి అవతలోడు అటు విసరకుండా మానేసిన బంతులుంటాయి చూడు తమ్ముడూ, వాటిని ఎవడు కౌంట్ చేస్తాడు?"

మా మేనేజరు అమెరికా నుంచి వచ్చి స్థిరపడినవాడు. ఆ ఆట గురించి మాట్లాడే మనిషి దొరక్క మొహం వాచి ఉన్నాడు. ఒక మంగళవారం లంచ్‌లో ఆయన సేఫ్టీల సంగతి ఎత్తితే, కాంట్రాక్టు పొడిగిస్తారో లేదోనన్న బెంగలో ఉన్న నేను, ముందురోజు రాత్రి పప్పన్నంతో పాటు విన్న ఆ మాటను నాదే అన్నట్టు వదిలాను. ఆయన తింటున్న శాండ్‌విచ్ పక్కన పెట్టేసి నా చెయ్యి పట్టుకు ఊపాడు. ఇక ఆ తరువాత ప్రతి మంగళవారం నేను సేఫ్టీల తరఫు వకీలును. ఎవరికి హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కాలి, ఎవరిది వట్టి ఆర్భాటం అని బల్లచుట్టూ ఐదారుగురం వాదించుకుని చేతులెత్తి ఓట్లు వేసుకునేవాళ్ళం. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, సోమవారం రాత్రి విన్నది మంగళవారం మధ్యాహ్నం దర్జాగా వల్లించేవాణ్ణి. ఆ ఏడాదే నన్ను పర్మనెంట్ చేశారు. నా పని బాగుందనే చేశారని అప్పుడు నమ్మాను, ఇప్పుడూ కొంత నమ్ముతాను, కానీ లంచ్ బల్ల దగ్గర కలవలేని మనిషిని ఆ ఆఫీసు ఉంచుకునేది కాదు.

ఇంట్లో మాత్రం, మా ఆఫీసులో మీ గురించి తెగ చెప్పుకుంటారు అన్నయ్యగారూ అని కోతలు కోశాను. ఆయన ఎంత సంతోషించాడో.

మరుసటి వేసవిలో మా టీమ్‌లో ఒక ఖాళీ వచ్చింది. మా తోడల్లుడి సంగతి నేనే మేనేజరుతో చెప్పాను. ఆ మాత్రం మంచి నాలోనూ ఉంది. ఇంటర్వ్యూకు ముందు ఒకసారి లంచ్‌కు తీసుకురా, మనవాళ్ళతో కలుస్తాడో లేదో చూద్దాం అన్నాడాయన. ఇక్కడ అసలు పరీక్ష అదేనని మనందరికీ తెలుసు. ఆ రోజు మా తోడల్లుడు షిఫ్టు మార్చుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా వదినగారు చేసిన గారెల డబ్బా కూడా పట్టుకొచ్చాడు.

గారెలు తింటుండగా మాట సేఫ్టీల మీదికి మళ్ళింది. ఆయన ముఖం వెలిగిపోయింది. తన గురించి వీళ్ళకు ముందే తెలుసన్న ధీమాతో, విసరకుండా మానేసిన బంతుల సంగతి తన మెత్తని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు కాలేదు, మేనేజరు పగలబడి నవ్వి, ఇది అక్షరం పొల్లు పోకుండా నీ ఉపన్యాసమే, బాగా బట్టీ పట్టించి తెచ్చావే అని నా వీపు తట్టాడు. బల్లంతా నవ్వింది.

మా తోడల్లుడు నావైపు చూశాడు. కోపం లేదు, అర్థం చేసుకుంటున్నాడు, అంతే. ఒక్క మాట, ఇవన్నీ ఈయనవే అన్న ఒక్క మాట చాలు. నేను అనలేదు. అనకపోగా నవ్వి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఇంట్లో రోజూ నా సుత్తి వింటాడు పాపం అన్నాను. ఇది రాస్తుంటే ఈ వయసులోనూ చెవులు వేడెక్కుతున్నాయి.

ఆయన ఆ తరువాత అడిగినవాటికే జవాబిచ్చాడు. మనిషి మంచివాడే, సొంత ఆలోచన తక్కువలా ఉంది అని మేనేజరు సాయంత్రం నాతో అన్నాడు. ఆ ఉద్యోగం ఇంకెవరికో పోయింది. ఆయన ఇంకో రెండేళ్ళు బస్సు నడిపి, పామర్‌స్టన్ నార్త్‌లో ఏదో చిన్న కంప్యూటర్ పని దొరికితే కుటుంబంతో అటు వెళ్ళిపోయాడు. ఈలోగా ఇంట్లో ఎవరితోనూ ఈ సంగతి అనలేదు. ఆ లంచ్ తరువాత వచ్చిన సోమవారం అన్నాల దగ్గర, ఇవాళ ఆట ఎలా ఉంది అన్నయ్యగారూ అని సిగ్గులేకుండా అడిగితే, చూడలేదన్నాడు. సింకులో ఉప్మా పళ్ళెం ఉంది.

పోయిన నెల వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఆడవాళ్ళు బజారుకు పోయిన సందు చూసుకుని, ఆ రోజు లంచ్‌లో నేను చేసింది తప్పు అన్నయ్యగారూ అన్నాను. ఆయన టీ కప్పు నా ముందుకు జరిపి, "నీకప్పుడు జాబ్ అవసరం తమ్ముడూ, పెళ్ళాం పిల్లలున్నోడివి. ఇప్పుడెందుకవన్నీ, టీ చల్లారిపోద్ది" అన్నాడు. నాకు తల తీసేసినట్టయింది. ఆయనకూ అప్పుడు ఉద్యోగం అవసరమేగా. ఆయనకూ పెళ్ళాం పిల్లలున్నారుగా.

ఇప్పుడు రోజులు మారిపోయాయి. ఎవరి గదిలో వాళ్ళకో తెర, ఎవరి చేతిలో వాళ్ళకో ఫోన్. ఎక్కడో చదివిన అభిప్రాయాన్ని క్షణంలో తమదిగా చెప్పేస్తున్నారు, అది మొదట ఎవరన్నారని అడిగేవాడూ లేడు, సిగ్గుపడేవాడూ లేడు. నా తప్పు వాళ్ళలో కలిసిపోతే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ నేను తీసుకున్నది ఊరూ పేరూ లేనివాడి మాట కాదు, ఒకే కంచంలో తిన్నట్టు బతికిన మనిషిది. ఆయన ఇప్పటికీ ఆ ఆట చూస్తాడట, మా వదినగారు చెప్పింది. ఈ పాతికేళ్ళలో ఎన్ని చూశాడో, ఎవరు గొప్పవాళ్ళని తేల్చుకున్నాడో. నేను వింటుండగా మాత్రం ఆ ఆట గురించి మళ్ళీ ఒక్క మాట మాట్లాడలేదు.