బతికున్న మనిషికి రెండు కొక్కేలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. టీ చల్లారితే మళ్లీ వేడి చేసిస్తాను గానీ, ఈ సంగతి మాత్రం మధ్యలో లేవకుండా వినండి. ఒక పెద్ద ఫోటోని అట్టకి అంటించడంలో నేను చేసిన తప్పు ఇది. చేతులతో చేసిన తప్పు కాబట్టి చేతులు చూసుకున్నప్పుడల్లా గుర్తొస్తుంది.

నేను చదివింది నాలుగో తరగతి. పటాలు కట్టడంలో మాత్రం ముప్పై ఏళ్ల అలవాటు. మా ఆయనకి తెనాలిలో పటాల కొట్టు ఉండేది. అద్దం కొయ్యడం ఆయన పని, ఫోటో అంటించడం నా పని. కొట్టులో ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. చిన్న ఫోటో తెచ్చి పెద్దది చెయ్యమన్నవాళ్లని ఎందుకని అడక్కూడదు. అడిగితే బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తారు. చూసి మనమే తెలుసుకోవాలి. ఫోటోలో మనిషి ఒక్కరే ఉండి, అదీ ఛాతీ దాకానే ఉండి, తెచ్చినవాళ్ల కళ్లు ఎర్రబడి, ఫలానా రోజుకల్లా కావాలని తొందరపెడితే ఇక అంతే. పైన దండకి రెండు కొక్కేలు బిగించి, కింద తేదీలు రాయడానికి రెండు వేళ్ల వెడల్పు తెల్లగా వదిలేసేవాళ్లం. వాళ్ల నోటితో ఆ మాట అనిపించకుండా పని జరిగిపోయేది. కొక్కేలు చూసి నా చెయ్యి పట్టుకున్నవాళ్లు ఎంతమందో. ఆఖరికి మా ఆయన పటానికీ వాటిని నేనే బిగించాను.

ఆయన పోయాక మా అమ్మాయి నన్ను కెనడాలో కిచెనర్ అనే ఈ ఊరికి తీసుకొచ్చింది. అల్లుడిది ఐటీ ఉద్యోగం, ఫోటోల పిచ్చి. ఎక్కడో ఆఫీసు మూసేస్తుంటే వెడల్పాటి ప్రింటర్ ఒకటి కొనుక్కొచ్చి బేస్‌మెంట్‌లో పెట్టాడు. మనవాళ్ల పుట్టినరోజులకీ ఓణీల ఫంక్షన్లకీ పెద్ద పెద్ద ఫోటోలు తీసిచ్చేవాడు. అంటించే పని మళ్లీ నా చేతికే వచ్చింది. ఇక్కడి అట్టలకి జిగురు ముందే పూసి ఉంటుంది, పైన కాగితం ఊడదీస్తే చాలు. అంతా ఒకేసారి ఊడదీస్తే మాత్రం చెడుతుంది. పైన రెండంగుళాలు తీసి, ఫోటో అంచు సరిచూసి ఆనించి, మెత్తటి గుడ్డ చుట్టిన అప్పడాల కర్రతో మధ్యలోంచి పక్కలకి నొక్కుకుంటూ కొంచెం కొంచెంగా దిగాలి. అంతకంటే ముఖ్యం, ప్రింటు తీశాక ఒక పగలూ రాత్రీ ఆరనివ్వాలి. తడి లోపల ఉండగా అంటిస్తే బుడగలు లేస్తాయి.

ఆ బేస్‌మెంట్‌లోనే రెండో గదిలో ముగ్గురు ఆడపిల్లలు అద్దెకుండేవారు. ఆ ఏళ్లలో మా వీధిలో ఏ ఇంటి కింద చూసినా చదువుకోడానికొచ్చిన మన పిల్లలే, పరుపులు పక్కపక్కన వేసుకుని. అందులో ఖమ్మం వైపు పిల్ల ఒకతె, నెమ్మదస్తురాలు. జూన్‌లో ఒకరోజు అల్లుడికి తన తండ్రి పాస్‌పోర్ట్ ఫోటో పంపింది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు కావాలంది, శుక్రవారానికల్లా అంది. కళ్లు మంకెన పువ్వుల్లా ఉన్నాయి.

నాకు అప్పుడు తెలియంది మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను. శుక్రవారం ఆ పిల్ల కాన్వొకేషన్. తండ్రికి విజిటర్ వీసా రిజెక్ట్ అయింది. మనిషి రాలేడు కాబట్టి ఫోటోనైనా పక్కన నిలబెట్టుకుని, గౌను వేసుకుని ఫోటో దిగుదామని ఆ పిల్ల ఆశ. కళ్లు ఎర్రబడింది అందుకు.

నేను అడగలేదు. ముప్పై ఏళ్లు అడగని నోరు, అప్పుడెందుకు అడుగుతుంది? అల్లుడికి చెప్పి కింద తెల్లగా వదిలించాను. అట్ట వెనక సన్నటి చెక్కపట్టీ అంటించి, పై మూలల్లో రెండు కొక్కేలు బిగించాను. ఆ రెండు రోజులూ ఇంట్లో నీచు వండనివ్వలేదు. ఆ పిల్లకి పప్పన్నం కలిపి తీసుకెళ్లి, తల నిమిరి, ఏడవాలనిపిస్తే ఏడువమ్మా అన్నాను. నా ఒళ్లో పడి ఏడ్చింది. నా లెక్క తప్పలేదనుకున్నాను.

గురువారం పొద్దున పటం చూపించడానికి పిలిచాను. ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చింది, వీడియో కాల్‌లో ఎవరితోనో మాట్లాడుతూ. "నాన్నా, చూడు, ఆంటీ ఎంత పెద్దగా చేశారో" అని ఫోన్ ఇటు తిప్పింది. నేను రెండు రోజులు గుడ్డతో తుడిచిన మొహం ఆ ఫోన్‌లో కళ్లార్పుతోంది.

ఆయన పటాన్ని పైనుంచి కిందదాకా చూశాడు. తర్వాత, "అమ్మా, ఆ కింద తెల్లగా ఎందుకొదిలారు?" అని కూతుర్ని అడిగాడు.

ఆ పిల్ల కిందకి చూసింది, పైకి చూసింది, కొక్కేన్ని వేలితో ముట్టుకుంది. ఈలోగా అటు ఆయన పక్కనున్న తల్లి ఫోన్ లాక్కుంది. బతికున్న మనిషికి దండ కొక్కేలు పెట్టిందెవరని అడిగింది. నేనే తల్లీ అన్నాను. ఆ తల్లి అన్నవన్నీ మీకు చెప్పను. ఆ అట్ట నా బిడ్డ ముట్టుకోవద్దు అన్నది ఒక్కటి చాలు.

ఆయనే మళ్లీ ఫోన్ తీసుకున్నాడు. "అక్కా, మీరు కొక్కెం కొట్టింది అట్టకు గదా, నాకు గాదు గదా" అన్నాడు. నవ్వడానికి చూశాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు.

ఫోన్ పెట్టేశాక ఆ పిల్ల నా మీద కోప్పడలేదు. "వద్దులే ఆంటీ, రేపు నేనొక్కదాన్నే పోతా" అంది. అదే నాకు తగిలింది.

కొక్కేలు పీకితే బొక్కలు పడ్డాయి. ఫోటో ఊడదీద్దామంటే అట్ట పొరలు చిరిగాయి. మిగిలింది ఒక్క అట్ట. ఆ పిల్లతోనే మళ్లీ ఫోన్ చేయించాను. మీ నాన్నని ఇంకో ఫోటో దిగమని చెప్పు, నిలబడి, కాళ్లు కనబడేలా, పళ్లు కనబడేలా నవ్వుతూ దిగమను, పళ్లు కనబడే ఫోటోకి ఎవరూ దండ వేయరు అన్నాను. గంటలో వచ్చింది. కెనడా ప్రయాణానికని కుట్టించుకున్న నీలం చొక్కా వేసుకుని, వాకిట్లో నిలబడి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. చొక్కా మడతలు ఇంకా పోలేదు.

అల్లుడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక గానీ ప్రింటు తీయలేదు. బేస్‌మెంట్‌లో వానల చెమ్మ, ఇంకు పొద్దుటికి కూడా పచ్చిగానే ఉంది. పగలూ రాత్రీ ఆగాలని తెలిసీ ఆగలేదు. ఆగితే ఆ పిల్ల ఒంటరిగా వెళ్తుంది. గుండె చిక్కబట్టుకుని అంటించాను. గడప దాటకముందే ఎడమ భుజం మీద అరచేతంత బుడగ లేచింది. ఆ పిల్ల బొటనవేలితో నొక్కింది, అణిగి మళ్లీ లేచింది. "ఉండనీ ఆంటీ" అని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు దిగిన ఫోటో నా దగ్గరుంది. స్నేహితురాళ్లిద్దరూ వెనక దాక్కుని అట్ట పట్టుకున్నారు. ఆయన కాళ్లు గడ్డికి జానెడు పైన ఉన్నాయి. బుడగ మీద ఎండ పడి మెరుస్తోంది. ఆ పిల్ల సరిగ్గా ఆ భుజం మీదే చెయ్యి వేసుకుని నిలబడింది.

మొదటి పటం మాత్రం నన్ను వదల్లేదు. బతికున్న మనిషి మొహాన్ని చెత్తలో వేయలేను, కాల్చడం అంతకంటే తప్పు. దుప్పటి చుట్టి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ వెనక గోడవైపు తిప్పి పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ పిల్ల ఉద్యోగం వచ్చి నార్త్ యార్క్ వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే నా మొదటి మాట, మీ నాన్న ఎలా ఉన్నారు? బాగున్నారు ఆంటీ, నిన్న కూడా అమ్మతో పోట్లాడారు అంటుంది. ఆ మాట విన్నాకే కూర్చుంటాను. తల్లి మాత్రం నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

ఇప్పుడు ఎవరు ఫోటో తెచ్చినా ఎందుకని అడుగుతున్నాను. ఏడిస్తే ఏడుస్తారు, పక్కన కూర్చుంటాను.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ ఇంట్లో అందరూ పళ్లు కనబడేలా ఫోటోలు దిగాలి. మీ గోడ మేకులకి క్యాలెండర్లే వేలాడాలి, ఏటేటా కొత్తవి. చల్లగా ఉండండి.